సోలార్ మోటారుకి స్విచ్ కొనబోయే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పొదలకూరు నిమ్మతోటలో బోరుకి సోలార్ పెట్టిస్తున్నావనీ, ప్యానెళ్లకీ కంట్రోలర్‌కీ మధ్య పాత స్టార్టర్ పెట్టెలోని ఎంసీబీనే (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) తగిలిద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ పని మాత్రం చెయ్యొద్దురా. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నా.

మోటారు ఏసీదే, అంటే ఇళ్లకొచ్చే అటూఇటూ దిక్కు మారే కరెంటుదే కదా మామా, ఆ స్విచ్ ఎందుకు పనికిరాదు అంటావు. మోటారు ఏసీదే. కానీ ప్యానెళ్ల కరెంటుని ఏసీగా మార్చేది కంట్రోలర్. అక్కడిదాకా వచ్చే రెండు వైర్లలో ఉండేది డీసీ, ఒకే దిక్కుకి పారే కరెంటు. నువ్వు స్విచ్ పెట్టబోయేది సరిగ్గా ఆ వైర్ల మీద.

స్విచ్ ఆఫ్ చేసినప్పుడు లోపలి పాయింట్లు విడిపోతాయి. విడిపోయే క్షణంలో వాటి మధ్య నిప్పు లేస్తుంది. మన ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆ నిప్పు దానంతటదే ఆరిపోతుంది. డీసీకి సున్నా అనేదే లేదు. వెల్డింగ్ రాడ్డు ముట్టించి కాస్త పైకెత్తినా మంట తెగకుండా నిలుస్తుంది చూడు, పాయింట్ల మధ్య కూడా అలాగే నిలబడిపోతుంది. ముందు రాగి కరుగుతుంది, తర్వాత చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నల్లబడి అంటుకుంటుంది. మీట ఆఫ్‌లోనే ఉంటుంది, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది.

ఇందులో మోసమేమిటంటే ఏసీ స్విచ్ మొదట్లో బాగానే పనిచేస్తుంది. పొద్దున్నే, మబ్బు పట్టినప్పుడు కరెంటు తక్కువ కాబట్టి ఆఫ్ చేస్తే ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం, మోటారు నిండా లాగుతున్నప్పుడు ఆఫ్ చేసిన రోజున తెలుస్తుంది దాని సంగతి. ఫ్యూజు కాపాడుతుందిలే అనుకోకు. ప్యానెల్ షార్ట్ అయినా మామూలుగా ఇచ్చే కరెంటు కంటే కొంచెమే ఎక్కువ ఇస్తుంది. అంత చిన్న తేడాకి ఫ్యూజు పోదు.

కొట్లో స్విచ్ చేతికి తీసుకోగానే పక్కన అచ్చేసిన అంకెలు చూడు. అల గుర్తు ఉంటే ఏసీ. అడ్డగీత, దాని కింద మూడు చిన్న గీతలు ఉంటే డీసీ. '250 ఓల్టులు ఏసీ, 30 ఓల్టులు డీసీ' అని రెండూ వేసిన స్విచ్‌లు కూడా ఉంటాయి, తేడా అందులోనే కనిపిస్తుంది. డీసీ అంకె అసలు లేకపోతే, కొట్టువాడు ఏం చెప్పినా అక్కడే పెట్టేసి రా.

ఇప్పుడు నీ లెక్క. ప్యానెల్ వెనక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ ఓల్టేజి, అంటే దేనికీ కలపనప్పుడు ఉండే ఓల్టేజి, ఉంటుంది. అది 46 అనుకో, ఎనిమిది ప్యానెళ్లు వరసగా కలిపితే 368 ఓల్టులు. ఆ అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. చలి పెరిగితే ఓల్టేజి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం. జనవరి తెల్లవారుజామును కూడా లెక్కలోకి తీసుకుని 400 పైన పెట్టుకో. అంటే 500కి తగ్గని స్విచ్ కావాలి, 600 అయితే ఇంకా నయం. ఆంపియర్లకి అదే లేబుల్ మీద షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్లస్, మైనస్ నేరుగా కలిస్తే పారేది) చూసి, దాన్ని 1.25తో హెచ్చవేయి. 9.3 ఉంటే 11.6 వస్తుంది, కాబట్టి 16 ఆంపియర్లది తీసుకో. ఓల్టేజి పెరిగేకొద్దీ అదే స్విచ్ తెంచగలిగే ఆంపియర్లు తగ్గిపోతాయి. పెద్దక్షరాల్లో ఉన్న అంకెని నమ్మకుండా, నీ ఓల్టేజి దగ్గర ఎంత అని ఆ స్విచ్ తయారీవాళ్లిచ్చే పట్టికలో చూడు.

నన్నడిగితే సోలార్ కోసమే చేసిన డీసీ ఐసోలేటర్, అంటే ప్యానెళ్లని వేరుచేసే చేతి స్విచ్, కొను. దాని మీద ఐఈసీ 60947-3 అనే స్విచ్‌ల ప్రమాణం నంబరూ, సోలార్ రకం తెలిపే డీసీ-పీవీ1 గానీ డీసీ-పీవీ2 గానీ ఉండాలి. నీది ఒకే వరస కాబట్టి పీవీ1 చాలు. ప్లస్, మైనస్ రెండూ తెగేది తీసుకో. నాలుగు పోల్‌ల (నాలుగు జతల పాయింట్లున్న) దాంట్లో ఒక్కో వైరుని రెండేసి పాయింట్ల గుండా తిప్పొచ్చు. అప్పుడు నిప్పు రెండు చోట్ల తెగుతుంది, ఓల్టేజి ఇంకా బాగా తట్టుకుంటుంది. ఎలా కలపాలో దాని మీద బొమ్మ ఉంటుంది, అలాగే కలపమని చెప్పు.

డీసీ ఎంసీబీ కొంటే ఇంకో జాగ్రత్త. కొన్నింటికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. లోపల అయస్కాంతం నిప్పుని ఒక పక్కకి నెట్టి ఆర్పుతుంది. వైర్లు తారుమారు చేస్తే అదే అయస్కాంతం నిప్పుని తప్పు దిక్కుకి తోస్తుంది. గుర్తులు లేనిది, ఎటు కలిపినా పనిచేసేది దొరికితే అదే తీసుకో.

డ్రిప్ వాల్వుకి కాయిల్ ఉంటే, ఆఫ్ చేయగానే కాయిల్ ఎదురు ఓల్టేజితో తంతుంది. డీసీతో నడిచే కాయిల్ అయితే దాని రెండు కొనల మధ్య ఒక డయోడ్ (కరెంటుని ఒకే దిక్కుకి పోనిచ్చేది) వేయించు, గీత ఉన్న వైపు ప్లస్‌కి. షెడ్డులో 12 ఓల్టుల బల్బులకి బండ్లలో వాడే స్విచ్ చాలు, కానీ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండి తీరాలి.

పెట్టె ప్యానెళ్ల కింద నీడలో పెట్టించు, స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో నువ్వే చూసుకో. ఆపేటప్పుడు ముందు కంట్రోలర్ ఆఫ్ చెయ్యి, తర్వాతే ఐసోలేటర్ తిప్పు. మోటారు నడుస్తుండగా ప్యానెల్ కనెక్టర్లు ఎవరూ పీకకూడదని పాలేరుకి కూడా చెప్పు. ఎండ ఉన్నంతసేపు ఆ వైర్లలో కరెంటు ఉంటుంది, దాన్ని ఆపే మీట ప్యానెల్‌కి లేదు.

డబ్బు కట్టకముందే ప్యానెల్ లేబుల్ ఫోటో, స్విచ్ పక్క ఫోటో రెండూ నాకు పంపు. నేను చూసి సరే అన్నాకే బిగించండి.

ఇట్లు,
మీ మామయ్య, నెల్లూరు