అమ్మని ఇక ఊరికి పంపండి

ప్రశ్న: మాది గాజువాక. వయసు 44. డిస్క్ జారి ఎనిమిది నెలలుగా నడుంనొప్పి, కాల్లోకి లాగుతోంది. ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేస్తూ ఓపిక పట్టమన్నారు డాక్టరుగారు. విజయనగరం నుంచి మా అమ్మ వచ్చి ఇల్లు చూస్తోంది. ఆవిడకి 69. ఊరికే ఆవిడ మీద విసుక్కుని తర్వాత ఏడుస్తున్నాను. మా ఆయన మంచివారు, స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. ఆయన్ని ఇబ్బంది పెట్టలేను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకున్నాను. అప్పటికి తగ్గుతుందా? ఈ ఎదురుచూపు ఎలా భరించాలి?

జవాబు: కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడవడం ఈ ఏడాదికి వద్దు. అప్పన్న స్వామి వచ్చే ఏడాదీ కొండ మీదే ఉంటాడు. ఆ సంగతి ఇక్కడితో వదిలేయండి.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది మీ అమ్మగారి వయసు. కూతురికి బాగాలేదంటే ఏ తల్లయినా పరుగెత్తుకొస్తుంది. నెల ఉంటుంది, రెండు నెలలు ఉంటుంది. ఎనిమిది నెలలు అల్లుడింట్లో ఉండటమంటే ఆవిడకి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఆయన హాల్లో టీవీ పెడితే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు కదా?

మీ ఆయన మంచివారే, కాదనను. కానీ ఎ షిఫ్ట్, అంటే పొద్దుటి డ్యూటీ అయితే మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికొస్తారు. కుక్కర్ పెట్టడానికి, బట్టలు ఆరేయడానికి, రైతుబజారుకి వెళ్లడానికి ఆ టైం చాలు. చెయ్యమని ఎప్పుడైనా అడిగారా? ఆయన్ని అనలేని మాటలన్నీ, పడే మనిషి కాబట్టి అమ్మని అంటున్నారు. భార్య మంచాన పడితే చూసుకోవడం భర్త బాధ్యత. దాన్ని ఇబ్బంది పెట్టడం అనుకోవడమే మీ పొరపాటు. ఈ విషయంలో నాది ఒకటే మాట.

ఇక నొప్పి. మూడు నెలలు దాటిన నొప్పి వరసగా తగ్గుతూ పోదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నరాలు చిన్న కదలికకే గట్టిగా స్పందించడం మొదలుపెడతాయి. అందుకే నొప్పి పెరిగిన ప్రతిసారీ లోపల కొత్తగా ఏదో దెబ్బతిన్నట్టు కాదు. కాస్త తేలిగ్గా ఉన్న రోజు, పాపం అమ్మ చేస్తోందని మీరు ఇల్లంతా తుడిచేసి ఉంటారు. మర్నాటి నుంచి మళ్లీ మంచం, మళ్లీ మొదటికొచ్చిందన్న టెన్షన్. బాగున్న రోజైనా, బాగాలేని రోజైనా ఫిజియో చెప్పిన మేరకే చెయ్యండి. తగ్గిందా లేదా అని పూటపూటా చూసుకోవద్దు. పోయిన నెల ఎంతసేపు కూర్చోగలిగారు, ఇప్పుడెంతసేపు కూర్చోగలుగుతున్నారు, అది చూసుకోండి. కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

మీ ఆయన వీక్లీ ఆఫ్ రోజున కూర్చోబెట్టి, ఏడవకుండా చెప్పండి. పొద్దుటి వంటకి మనిషిని పెడతారా, తానే చేస్తారా అన్నది ఆయన తేల్చుకోవాలి. అమ్మగారికి ఒక మంచి చీర కొని, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విజయనగరం బస్సు ఆయన్నే ఎక్కించి రమ్మనండి.