సాఫ్ట్‌వేర్ విడుదలయ్యాక కూడా పరీక్షలే: టెస్టింగ్ ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: మాది కొత్తగూడెం. సింగరేణిలో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తిచేసింది. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ టెస్టింగ్ విభాగంలో ఉద్యోగం ఇస్తామంది. బెంగళూరులో డెవలపర్‌గా ఉన్న మా మేనల్లుడు మాత్రం వద్దంటున్నాడు. ‘ఇప్పుడు కంపెనీలు సాఫ్ట్‌వేర్‌ను నేరుగా జనంలోకి వదిలి అక్కడే పరీక్షిస్తున్నాయి, టెస్టర్లతో పనిలేదు’ అంటాడు. డెవలపర్ ఉద్యోగం వచ్చేదాకా ఆగమంటారా? ఈలోగా అమీర్‌పేటలో ఏదైనా కోర్సు చేయించమంటారా?

జవాబు: చేరమనండి. చేతికందిన ఉద్యోగం వదులుకుని, ఎప్పుడు వస్తుందో తెలియని దానికోసం ఏడాది ఇంట్లో కూర్చుంటే తర్వాతి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ ఖాళీ గురించే వస్తుంది. అలాగని మీ మేనల్లుడి మాటను కొట్టిపారేయకండి. కంపెనీలు విడుదల తర్వాత కూడా పరీక్షిస్తున్న మాట నిజమే. దాన్నిబట్టి టెస్టర్లు అక్కర్లేదని తేల్చడమే తొందరపాటు. అలా ఎందుకు పరీక్షించాల్సి వస్తోందో తెలిస్తే మీ అమ్మాయి ఏం నేర్చుకోవాలో కూడా తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక యాప్‌లో ‘అవును’ లేదా ‘కాదు’ అని మార్చుకునే సెట్టింగులు 30 ఉన్నాయనుకుందాం. వాటి కలయికలు 107 కోట్లు దాటుతాయి. సెకనుకు ఒకటి చొప్పున నిద్రాహారాలు లేకుండా పరీక్షించినా 34 ఏళ్లు పడుతుంది. ఫోన్ల రకాలు, నెట్‌వర్కులు, భాషలు ఈ లెక్కలో ఇంకా చేరలేదు. అన్నింటినీ పరీక్షించడం అసాధ్యమన్న మాట టెస్టర్లకు అంతర్జాతీయంగా ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ సర్టిఫికెట్ సిలబస్‌లోనే ఒక సూత్రంగా ఉంది. మీ అమ్మాయి చేరిన మొదటి నెలలోనే దాన్ని చదువుతుంది.

భాషల ప్రస్తావన వచ్చింది కాబట్టి మన తెలుగు సంగతే చెబుతాను. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. ‘జ్ఞ’ రాశాక, కంటికి కనిపించని ఒక గుర్తు, దాని తర్వాత దీర్ఘం వచ్చాయంటే ఆ అక్షరాన్ని తెరమీద చూపించబోయి మెసేజ్ యాప్‌లు మూతపడేవి. అదే అక్షరం నోటిఫికేషన్‌లో వస్తే ఫోను మొత్తానికే ఇబ్బంది. ఆపిల్ 11.2.6 అప్‌డేట్ తెచ్చి దాన్ని సరిచేసింది. ‘జ్ఞానం’ అని మనం మామూలుగా టైపు చేస్తే ఆ కనిపించని గుర్తు మధ్యలోకి రాదు. కాబట్టి తెలుగు బాగా వచ్చిన టెస్టర్‌ను కూర్చోబెట్టి రోజంతా టైపు చేయించినా ఈ లోపం బహుశా దొరికేది కాదు. కోట్లమంది చేతుల్లోకి వెళ్లాక మాత్రం ఎవరో ఒకరికి తగిలింది. ఆ తర్వాత ఆకతాయిలు పనిగట్టుకుని స్నేహితులకు పంపుకున్నారు.

ఇక జనం ఎలా ప్రవర్తిస్తారన్నది మరో చిక్కు. 2019 జులైలో భారత్, న్యూజిలాండ్ ప్రపంచ కప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో రెండున్నర కోట్ల మందికి పైగా చూశారు. ధోనీ రనౌట్ కాగానే చూసేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. జనం వెళ్లిపోతే సర్వర్లకు ఊరట అనుకుంటాం. నిజానికి వీడియో చూస్తున్నవాళ్లందరూ ఒకేసారి ‘వెనక్కి’ మీట నొక్కితే వాళ్లందరూ హోమ్ పేజీ మీద వాలతారు. అప్పటిదాకా తీరిగ్గా ఉన్న ఆ వ్యవస్థ మీద క్షణాల్లో భారమంతా పడుతుంది. ఇలాంటి రోజుల కోసం ఆ సంస్థ ఇంజనీర్లు తమ సర్వర్ల మీదికి తామే కృత్రిమ రద్దీని పంపి ముందుగా సాధన చేస్తారు. 2023 నవంబరు 19న ప్రపంచ కప్ ఫైనల్ నాడు ఒకే సమయంలో చూసినవారి సంఖ్య 5.9 కోట్లకు చేరింది. వికెట్ పడిన ఆ నిమిషంలో అంతమంది ఏం నొక్కుతారో ఆఫీసు గదిలో కూర్చుని పూర్తిగా ఊహించగలిగేవారు లేరు.

మీ మేనల్లుడు చెప్పే వాదనకు పెద్ద ఉదాహరణ మైక్రోసాఫ్ట్. 2014 ప్రాంతంలో ఆ సంస్థ విడిగా ఉండే టెస్ట్ ఇంజనీర్ల పాత్రను చాలావరకు డెవలపర్ల పనిలో కలిపేసింది. విండోస్ కొత్త రూపాలను ముందుగా వాడి చూసి లోపాలు చెప్పే పని లక్షలాది స్వచ్ఛంద వాడుకరులకు అప్పగించింది. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలో సొంత ఫైళ్లను చెరిపేసింది. డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకున్నవారికి పాత ఫోల్డర్‌లో ఇంకా ఫైళ్లు మిగిలి ఉంటే, అప్‌డేట్ ఆ పాత ఫోల్డర్‌ను అనవసరమనుకుని తీసేసింది. నష్టపోయినవారు వాడుకరుల్లో చాలా తక్కువ శాతమే. అయినా కొద్ది రోజుల్లోనే అప్‌డేట్‌ను ఆపేసి, సరిచేసి, నవంబరులో మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది.

ఈ లోపం గురించి విడుదలకు ముందే ఫిర్యాదులు అందాయి. ముందుగా వాడి చూసినవారిలో కొందరు ‘నా ఫైళ్లు పోయాయి’ అని రాశారు. ఆ ఫిర్యాదులకు మద్దతుగా ఓట్లు పెద్దగా పడకపోవడంతో అవి గుట్టలో కలిసిపోయాయి. వందమందికి చిరాకు తెప్పించే రంగు మార్పుకు వంద ఓట్లు పడతాయి. ముగ్గురి పెళ్లి ఫొటోలు పోతే పడేవి మూడే. ఆ మూడింటికే ఎక్కువ బరువని చెప్పడానికి అక్కడ మనిషి కావాలి. తర్వాత మైక్రోసాఫ్ట్ ఫిర్యాదు రాసేచోట తీవ్రతను కూడా చెప్పే వీలు కల్పించింది. నన్నడిగితే టెస్టర్ పని అంటే ఇదే. మీటలు నొక్కి చూడటం అందులో చిన్న భాగం.

రెండో వైపు చూడండి. 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులను చేత్తో రాసిచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ ఫైలు వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కొత్త ఫైలు 21 విలువలను ఆశిస్తే, కంప్యూటర్లలో ఉన్న ప్రోగ్రామ్ 20 మాత్రమే అందించింది. అంతకుముందు పరీక్షల్లో ఆ 21వ స్థానంలో ‘ఏదైనా సరే’ అనే గుర్తు ఉండటంతో అక్కడ ఏముందో ఎవరూ చూడాల్సిన పని పడలేదు. ఆ రోజు మొదటిసారి నిజమైన విలువ కోసం చూస్తే అక్కడ ఏమీ లేదు. ఫైలును తనిఖీ చేసే ప్రోగ్రామ్‌లోనూ లోపం ఉండటంతో అది ‘సరే’ అనేసింది.

ఇంతవరకు జరిగింది విడుదలకు ముందు పరీక్ష విఫలమవడం. అది ఎవరికైనా జరుగుతుంది. ఘోరం దాని తర్వాతిది. ఫైలును దశలవారీగా పంపకుండా ఒకేసారి అందరికీ పంపారు. గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నా, అప్పటికే ఆగిపోయిన కంప్యూటర్లలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది. మొదట కొన్ని వందల కంప్యూటర్లకే పంపి కాసేపు గమనించి ఉంటే విమానాలు ఆగేవి కావు. ఆ తర్వాత ఆ సంస్థ కూడా దశలవారీ పద్ధతికే మారింది.

విడుదల తర్వాత పరీక్షించడం అంటే అసలు అర్థం ఇదే. మొదట ఒక శాతం మందికి ఇవ్వడం, లోపాల సంఖ్యను, వేగాన్ని తెరమీద గమనించడం, బాగుంటే ఐదు శాతం, ఇరవై శాతం అంటూ పెంచుకుంటూ పోవడం, తేడా వస్తే క్షణాల్లో పాతదానికి వెళ్లిపోవడం. దీన్ని కెనరీ రిలీజ్ అంటారు. మీరు గనుల్లో పనిచేసేవారు కాబట్టి ఆ పేరు మీకు తెలిసే ఉంటుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టేందుకు 1986 దాకా కెనరీ అనే పిట్టలను వాడారు. కొత్త సౌకర్యాన్ని కోడ్‌లో దాచి ఉంచి, కావాల్సినప్పుడు స్విచ్ వేసినట్టు తెరిచే పద్ధతి పేరు ఫీచర్ ఫ్లాగ్. ఈ ఏర్పాట్లేవీ లేకుండా ‘వాడుకరులే చెబుతారులే’ అని వదిలేసే కంపెనీలూ ఉన్నాయి. వాటిది ఒట్టి బద్ధకం. మీ మేనల్లుడు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టాడని నా అనుమానం.

అన్ని రంగాల్లోనూ ఇది కుదరదు. 1985, 1987 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రంలోని సాఫ్ట్‌వేర్ లోపాల వల్ల ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది, కొందరు చనిపోయారు. ఒక శాతం రోగుల మీద ప్రయోగించి చూద్దామనడం అక్కడ ఎవరి ఊహకూ రాకూడదు. వైద్య పరికరాలు, వాహనాలు, విమానాలు, బ్యాంకుల ప్రధాన వ్యవస్థలకు పనిచేసే కంపెనీల్లో విడుదలకు ముందు పరీక్షలు ఇప్పటికీ నెలల తరబడి, కాగితం మీద ఆధారాలతో సహా జరుగుతాయి. హైదరాబాద్‌లో అలాంటి పని చాలానే ఉంది. మీ అమ్మాయికి వచ్చిన ప్రాజెక్టు ఆ రంగాల్లో ఒకటైతే ఇంకా మంచిది.

ఇక కోర్సు సంగతి. చేరే తేదీ దగ్గరలో ఉంటే ఇప్పుడు డబ్బు కట్టవద్దు. చాలా సంస్థలు చేరాక తామే శిక్షణ ఇస్తాయి. అమీర్‌పేటలో మంచి గురువులు ఉన్నారు, కాదనను. కానీ అక్కడ ఎక్కువగా చెప్పేది సెలీనియం లాంటి ఒక పనిముట్టును నడపడం. దేన్ని పరీక్షించాలో ఎలా నిర్ణయించాలన్నది ఆ తరగతుల్లో పెద్దగా రాదు. చేరేలోగా ఇంట్లోనే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోని సమాచారాన్ని అడిగి తెచ్చుకునే భాష) గట్టిగా నేర్చుకోమనండి. లైనక్స్‌లో లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తాను చేసిన పనులను రాసుకునే చిట్టా) తెరిచి అందులో లోపం ఎక్కడుందో వెతకడం సాధన చేయమనండి. పోస్ట్‌మ్యాన్ అనే పనిముట్టుతో ఏపీఐలను (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ద్వారాలను) పరీక్షించడం వారం రోజుల్లో పట్టుబడుతుంది. జావా, పైథాన్‌లలో ఏదో ఒకటి చక్కగా రాయగలగాలి, ఎందుకంటే ఆటోమేషన్ (పరీక్షలను ప్రోగ్రామ్‌తో నడిపించడం) రాని టెస్టర్‌కు మూడేళ్ల తర్వాత ఎదుగుదల కష్టం. టెస్ట్ కేసులు రాసే పనిని ఇప్పుడు ఏఐ పరికరాలు నిమిషాల్లో చేసిపెడుతున్నాయి, ఆ ఒక్క పనినే నమ్ముకుని ఉండకూడదు. ఐఎస్‌టీక్యూబీ పరీక్ష తొందరేమీ లేదు, కంపెనీ ఫీజు కడితే రాయవచ్చు.

చేరాక మొదటి ఏడాదిలోనే ఆమె దృష్టి విడుదల తర్వాతి రోజుల మీదికి కూడా మళ్లాలి. నిన్న విడుదలైన దానిలో ఎన్ని లోపాలు బయటపడ్డాయి, అవి ముందే ఎందుకు దొరకలేదు, ఎవరు మొదట గమనించారు అన్నవి అడిగే అలవాటు ఉన్న టెస్టర్‌ను డెవలపర్లు సమావేశాలకు పిలుస్తారు. అక్కడినుంచి దారులు చాలా ఉన్నాయి: పరీక్షలను కోడ్‌గా రాసే ఉద్యోగాలు, వ్యవస్థలు ఆగకుండా చూసుకునే ఎస్‌ఆర్‌ఈ ఉద్యోగాలు, కావాలంటే డెవలపర్ ఉద్యోగం కూడా. చిన్న చిన్న లోపాలను తానే సరిచేసి డెవలపర్లకు చూపిస్తూ లోపలి నుంచే విభాగం మారినవారు ఉన్నారు. బయటినుంచి ఇంటర్వ్యూలతో ప్రయత్నించడం కన్నా అది కొంత తేలిక.

ఇందులో మీకు నచ్చని విషయం ఒకటి చెప్పాలి. విడుదలైన వ్యవస్థలను చూసుకునే బృందాల్లో వంతులవారీగా రాత్రివేళ కూడా ఫోను ఎత్తాల్సి ఉంటుంది. అర్ధరాత్రి విడుదలలు మామూలే. రాత్రి పని ఉన్నప్పుడు క్యాబ్ ఇస్తారా, మరునాడు ఆలస్యంగా రావచ్చా, ఇంటినుంచి చేయవచ్చా అన్నవి చేరకముందే అడగడంలో తప్పులేదు.

హెచ్‌ఆర్ వారికి మీ అమ్మాయే మెయిల్ రాసి, పై విషయాలతోపాటు ఇంకో మూడు అడగాలి. టెస్టర్లకు విడుదల తర్వాతి లాగ్‌లు, డాష్‌బోర్డులు చూసే అనుమతి ఉంటుందా? ఏదైనా పెద్ద లోపం బయటపడ్డప్పుడు జరిగే సమీక్షలో టెస్టర్లు కూర్చుంటారా? ప్రాజెక్టులో ఆటోమేషన్ ఉందా, లేక ఎక్సెల్‌లో టిక్కులు పెట్టడమేనా? మూడింటికీ ‘లేదు’ అని వచ్చినా చేరమనే చెబుతాను, కాకపోతే ఏడాదిన్నరలో బయటికి రావాలని ఇప్పుడే అనుకోవాలి.

ఆఫర్ లెటర్‌లో బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. శిక్షణ రుసుమనో, డిపాజిట్ అనో చేరడానికి డబ్బు అడిగితే మాత్రం పైన రాసినదంతా పక్కనపెట్టి ఆ ఉద్యోగం వదిలేయండి. అలా డబ్బు కట్టి మోసపోయినవారు హైదరాబాద్‌లో ఏటా పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నారు.