టెక్ సందేహాలు: యాప్ మోసం చేయలేదు, మిమ్మల్ని అడగలేదంతే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే పాట: "అన్నా, యాప్ నన్ను మోసం చేసింది." పోయిన నెలా ఇదే. మన అనంతపురం, కర్నూలు హాస్టళ్లలో 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే మంత్రాల ముక్కలాటను యాప్‌లలో ఇంతమంది ఆడుతున్నారని ఈ ఫిర్యాదులు వచ్చేదాకా నాకు తెలీదు. మనా అంటే ఏంది, టర్న్ అంటే ఏంది అన్న ముచ్చట ఇక్కడ పెట్టను. రాసినవాళ్లకు అవి నాకంటే బాగా తెలుసు.

అనంతపురం ఇంజినీరింగ్ కుర్రాడి కేసు చూడండి. అవతలివాడి 5/5 క్రీచర్‌కు (బలం ఐదు, ప్రాణం ఐదు ఉన్న జీవి ముక్క) ట్రాంపుల్, ఒక్క దెబ్బ తగిలినా చంపే డెత్‌టచ్ రెండూ ఉన్నాయి. ఇతను తన 6/6తో అడ్డుకున్నాడు. ఐదు డ్యామేజీ ఆరును దాటదు కదా అని ధీమాగా ఉంటే లైఫ్ నాలుగు తగ్గింది. "ఇది బగ్గే కదన్నా?"

కాదు తమ్ముడూ. అడ్డొచ్చిన క్రీచర్ చావుకు సరిపడా డ్యామేజీ దానికి కేటాయించి, మిగిలింది ఆటగాడి మీదికి పంపొచ్చు అన్నదే ట్రాంపుల్. దాడి చేసేదానికి డెత్‌టచ్ ఉంటే చావుకు సరిపడా అంటే ఒకటే. ఒకటి నీ క్రీచర్‌కు, నాలుగు నీకు. నీది ఇన్‌డిస్ట్రక్టిబుల్ అయినా ఇదే లెక్క: అది చావదు గానీ, దానికి ఒకటి పడేస్తే చాలు. రూల్ పుస్తకంలో డెత్‌టచ్ గురించి చెప్పే 702.2, ట్రాంపుల్ గురించి చెప్పే 702.19 పక్కపక్కన పెట్టుకుని చదువు. పుస్తకం ఉచితమే, రెండొందల పేజీలు దాటి ఉంటుంది, అంతా చదవమని ఎవరూ అనలేదు.

కర్నూలు అమ్మాయి కోపంలో కొంచెం న్యాయం ఉంది. అవతలివాడు ప్రాడిగల్ సార్సరర్ అనే క్రీచర్‌ను ట్యాప్ చేసి (వాడినట్టు గుర్తుగా పక్కకు తిప్పి) ఆమె మీద ఒక డ్యామేజీ వదిలాడు. ఆమె వెంటనే దాన్ని చంపింది. అది చచ్చింది, డ్యామేజీ మాత్రం వచ్చి తగిలింది. ఈ ముక్క 1993లో వచ్చిన మొదటి సెట్‌లోనే ఉంది, అప్పటి నుంచీ జనం దీని మీద ఇట్లాగే గొడవ పడుతున్నారు. ఎబిలిటీ, అంటే ముక్కకున్న శక్తి, ఒకసారి స్టాక్ (పని జరిగేదాకా మంత్రాలు, ఎబిలిటీలు ఆగి ఉండే వరుస) ఎక్కిందంటే దాన్ని పుట్టించిన క్రీచర్ ఉన్నా పోయినా దానికి పట్టదు. బాణం వదిలినాక విల్లు విరిస్తే ఏం లాభం? పోనీ వాడు ట్యాప్ చేయకముందే చంపే మంత్రం వేస్తే? అది స్టాక్ మీద ఉండగానే వాడు ట్యాప్ చేస్తాడు, చివర ఎక్కిందే ముందు దిగుతుంది గనక మళ్లీ దెబ్బ మీకే. ఆ సార్సరర్ ముక్క ఆటలోకి వచ్చినాక, వాడి తర్వాతి టర్న్ మొదలయ్యేలోపు చంపేయండి. అప్పటిదాకా దాన్ని ట్యాప్ చేసి దెబ్బ వదలడానికి వాడికి వీలుండదు.

ఆమె రెండో ఫిర్యాదు దగ్గర మాత్రం నేను ఆమె పక్షమే. అవతలివాడి టర్న్ చివర్లో ఇన్‌స్టంట్ (అవతలివాడి టర్న్‌లో కూడా వేయగల మంత్రం) వేద్దామని, మంత్రాలకు ఖర్చయ్యే శక్తి, అదే మనా, మిగుల్చుకుని కూర్చుంటే, యాప్ ఎక్కడా ఆగకుండా ఆమె టర్న్ మొదలుపెట్టేసింది. ఇలాంటి యాప్‌లన్నిటికీ ఉన్న రోగమే ఇది. మీకు వంతు వచ్చిన ప్రతిచోటా అడిగితే ఆట సాగదని, అడగకుండా దాటేయడమే మామూలు పద్ధతిగా పెట్టారు. అది సరే, ఆ సంగతి ఆడేవాడికి కంటికి కనపడేటట్టు చెప్పాలా వద్దా? టీ అంగడి బల్ల మీద ఆడేటప్పుడు ఎదుటివాడు మన ముఖం చూసి "ఏమన్నా వేస్తావా?" అని అడుగుతాడు. ఇక్కడ ఆ ప్రశ్నకు మన తరఫున యాప్ "లేదు" అని జవాబిచ్చేస్తుంది. ఏ దశలో ఆగాలో ముందే గుర్తుపెట్టే 'స్టాప్', ప్రతిచోటా అడిగే 'ఫుల్ కంట్రోల్' అనే ఏర్పాట్లు ఉంటాయి, వాడుకోండి. వీటితో ఇంకో లాభం కూడా ఉంది. మామూలుగా దాటిపోయే చోట యాప్ ఒక్క క్షణం ఆగిందంటే, మీ చేతిలో ఏదో ఉందని అవతలివాడు పసిగట్టేస్తాడు. అప్పుడప్పుడూ ఏమీ లేకున్నా ఆపండి, వాడే తికమక పడతాడు.

ఫోన్‌లో అయితే ఇదంతా అరచేతిలో నరకం. స్టాక్ మీద నాలుగు ఎక్కితే నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి గోరంత కనిపిస్తాయి. మే నెల కర్నూలు ఎండలో చెమట వేలితో ముక్కను పెద్దది చేసి చదవబోతే, పక్కనున్న 'పాస్' నొక్కుకుంటుంది. గేమింగ్ ఫోన్ అని వెనకాల రంగు దీపాలు పెట్టి అమ్మేవాళ్లు తడి వేలికి సరిగ్గా పలికే తెర ఇస్తే అంతకంటే పుణ్యం ఉండదు.

ఈ అయోమయాన్నే కొందరు సరుకు చేసుకున్నారు. మైదుకూరు నుంచి ఒక పసుపు రైతు రాశారు. ఇంటర్ చదివే కొడుకు ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన ఏపీకే ఫైలును, అంటే ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్‌ను, ఈయన ఫోన్‌లో వేశాడు. ఏ ఎబిలిటీ ముందు పనిచేస్తుందో చెబుతుందట, అవతలివాడి చేతి ముక్కలు కూడా చూపిస్తుందట. బ్యాంకు యాప్, యూపీఐ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. "ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడిగారు.

పెద్దాయనా, ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మిగతాది తర్వాత చదవండి.

అవతలివాడి చేతి ముక్కలు సర్వర్ దగ్గరే ఉంటాయి, మీ ఫోన్‌కు రావు. రానిదాన్ని ఏ ఏపీకే చూపిస్తుంది? వాళ్లకు కావాల్సింది యాక్సెసిబిలిటీ అనుమతి. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన ఏర్పాటది. అది ఇచ్చారంటే ఆ యాప్ తెర మీద ఉన్నది చదువుతుంది, మీ బదులు మీటలూ నొక్కుతుంది. ముక్క మీది రాత చదవగలిగింది ఓటీపీ చదవలేదా? బయటి నుంచి తెచ్చిన యాప్‌కు ఈ అనుమతి అంత తేలిగ్గా దొరక్కుండా ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక అడ్డు పెట్టారు. దాన్ని ఎట్లా దాటాలో చూపే వీడియోను ఫైలుతో పాటే పంపుతున్నారు ఈ ఘనులు: యాప్ ఇన్ఫోలోకి పో, మూడు చుక్కలు నొక్కు, 'అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్' అను. తాళం వేసిన తలుపును దొంగ చెప్పినట్టు మన చేత్తోనే తీస్తున్నాం.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోనూ, డివైస్ అడ్మిన్ యాప్‌లలోనూ దాని పేరుంటే ఆపేయండి, తర్వాత యాప్ తీసేయండి. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో తీయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఫోటోలు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. డబ్బు ఇప్పటికే పోయుంటే పిల్లోణ్ని తిట్టడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అక్కడ ప్రతి నిమిషమూ లెక్కే.

చోటు అయిపోతోంది, కడప నుంచి ఒక పాత ఆటగాడి సందేహం ఒక్కటి. మూడు +1/+1 కౌంటర్లు (ఒక్కోటి బలాన్నీ ప్రాణాన్నీ ఒకటి పెంచే గుర్తులు) ఉన్న క్రీచర్ మీద "ఎబిలిటీలన్నీ పోయి 1/1 అవుతుంది" అనే ముక్క పడింది. చివర పడిందే నెగ్గుతుంది, కాబట్టి 1/1 అని అవతలివాడి వాదన. చాట్‌బాట్‌ను అడిగితే అదీ వాడికే వంత పాడిందట. బల, ప్రాణాలను ఫలానా అంకె అని నిర్ణయించే ఎఫెక్ట్, రూల్స్ వరసగా లెక్కేసే పొరల్లో, అంటే లేయర్లలో, ముందు పొరలో లెక్కకొస్తుంది, కౌంటర్లు ఆ తర్వాతి పొరలో కలుస్తాయి. ఏది ముందు పడింది, ఏది వెనక పడింది అన్నదానితో పనిలేదు. మీది 4/4. వాడికి రూల్ 613 చూపించండి, బాట్‌కు చూపించే పని పెట్టుకోకండి, అది క్షమాపణ చెప్పి మళ్లీ 1/1 అనే అంటుంది.