ఓడలో గది ఎక్కడ తీసుకోవాలంటే

పెరంబూర్, చెన్నై

చిరంజీవి సౌమ్యకి,

మామయ్య ఆశీస్సులు. బావ షష్టిపూర్తికి మీ అమ్మానాన్నలిద్దరినీ ఓడెక్కిస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో పాటు కాస్త బెరుకు కూడా వినబడింది దాని గొంతులో. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కితేనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మనిషి కదా. ఏజెంటు ఇస్తానన్న గది వివరాలు నువ్వు వాట్సాప్‌లో పంపావు. పై డెక్కులో, ఓడ ముక్కువైపు, బాల్కనీతో, అదీ తగ్గింపు ధరకి. ఇంకా డబ్బు కట్టకపోతే కట్టకు తల్లీ. నా ఉద్యోగమంతా ఓడల ఇంజన్ గదుల్లోనే గడిచింది కాబట్టి ఈ విషయంలో నా మాట విను.

ముందు గది ఎక్కడుందో చూడాలి. కిటికీయా, బాల్కనీయా అన్నది ఆ తర్వాతి సంగతి. ఏజెంట్లు దీన్ని తిరగేసి చెబుతారు, ఎందుకంటే రేట్ల పట్టికలో కనబడేది బాల్కనీ. ఊపు పట్టికలో కనబడదు.

ఓడ ముఖ్యంగా రెండు రకాలుగా ఊగుతుంది. ఎడమకీ కుడికీ ఒరిగితే రోలింగ్ అంటాం. ముక్కు లేచి వెనక భాగం దిగడం, మళ్లీ అది లేచి ముక్కు దిగడం పిచింగ్. రోలింగ్‌లో ఎంత పై అంతస్తుకి పోతే అంత ఎక్కువ ఊపు. పిచింగ్‌లో కొసలకి పోయేకొద్దీ ఎక్కువ. మీ తాతగారి ఊళ్లో పాత ఏతం గురించి విన్నావు కదా, మాను మీద ఇటూ అటూ నడిచి నీళ్లు తోడేవారు. మాను కొసన నిలబడ్డవాడు పైకీ కిందకీ పోతుంటే ఇరుసు దగ్గరున్నవాడు దాదాపు ఉన్నచోటే ఉంటాడు. ఓడలో ఆ ఇరుసు చోటు పొడవులో మధ్యన, ఎత్తులో నీటి మట్టానికి దగ్గరగా ఉంటుంది. నువ్వు చూసిన గది పైనా ఉంది, ముందు కొసనా ఉంది. రెండు ఊపులూ కలిసి తగిలే చోటు అది.

‘మా ఓడకి స్టెబిలైజర్లు ఉన్నాయి సార్’ అంటాడు ఏజెంటు. ఉంటాయి, నిజమే. నీళ్ల అడుగున రెండు వైపులా రెక్కల్లా చాపి ఉంచే యంత్రాలవి. రోలింగ్‌ని బాగానే అణుస్తాయి, అదీ ఓడ వేగంగా పోతున్నప్పుడు. పిచింగ్ మీద మాత్రం వాటి పని పెద్దగా ఏమీ ఉండదు.

ఏ ఓడ, ఏ నెల, ఏ సముద్రం అన్నది కూడా లెక్కలోకి రావాలి. చెన్నై రేవు నుంచి 2022 జూన్‌లో కార్డీలియా అనే విహార ఓడల కంపెనీ వాళ్ల ఎంప్రెస్ మొదలైంది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ, పొడవు సుమారు 210 మీటర్లు. ఆ కాలపు ఓడల్లో బాల్కనీ గదులు తక్కువ, లోపలి గదులూ కిటికీ గదులే ఎక్కువ. సింగపూర్ నుంచి తిరిగే కొత్త ఓడలు కొన్ని 300 మీటర్లు దాటతాయి. ఓడ పొడవైనకొద్దీ అలల మీద పిచింగ్ తగ్గుతుంది. పైగా సింగపూర్ నుంచి పెనాంగ్ వైపు పోయే దారి మలక్కా జలసంధిలో ఉంటుంది. ఒక పక్క సుమత్రా, మరో పక్క మలేషియా కాచుకుని ఉంటాయి కనుక నీళ్లు చాలావరకు నెమ్మది. అక్కడైతే బాల్కనీ కోసం రెండు అంతస్తులు పైకి పోయినా నేను అడ్డు చెప్పను. మన బంగాళాఖాతం సంగతి వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులు. అప్పుడు విశాఖ వైపు పోయే ఓడకి గాలీ అలలూ ఎదురు, ముక్కు ఎగిరి దిగుతూనే ఉంటుంది. వాయుగుండాల కాలం కూడా అదే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మన వీధుల్లో నీళ్లు నువ్వూ చూశావుగా. చెన్నై నుంచే వెళ్తామంటే మీ అమ్మ కోసం ఫిబ్రవరి, మార్చి చూడు. సముద్రం సాధారణంగా ఆ రోజుల్లో శాంతంగా ఉంటుంది.

లోపలి గది చవక కదా అంటావేమో. నీకైతే సరే, పడుకోవడానికే వస్తావు. మీ అమ్మకి వద్దు. ఒళ్లు ఊగుతున్నట్టు చెవి లోపల తెలుస్తుంది, చుట్టూ గోడలు కదలనట్టు కన్ను చెబుతుంది. ఈ రెంటికీ పొంతన కుదరకే వాంతి వచ్చేది. కిటికీలోంచి దూరాన నీళ్లూ ఆకాశం కలిసే గీతని చూస్తూ కూర్చుంటే చాలామందికి నెమ్మదిస్తుంది. కింది డెక్కులో గుండ్రటి చిన్న కిటికీ అయినా పనికొస్తుంది. బుక్ చేసేటప్పుడు రెండు సంగతులు అడుగు. కిటికీకి లైఫ్‌బోటు అడ్డం వస్తుందా? ఆ కిటికీ ముందు జనం నడిచే వరండా ఉందా? ఉంటే పగలంతా తెర వేసుకునే ఉండాలి. వాంతుల మాత్రల విషయం మీ డాక్టరునే అడుగు. బీపీ మందులతో పాటు వేసుకోవచ్చో లేదో ఆయన చెప్పాలి, నేను కాదు.

బావది కోడినిద్ర. ఆయన గదికి పైనా కిందా ఏముందో చూడాలి, ఓడలో చప్పుడు పక్కగదుల నుంచే కాదు, నేలలోంచీ కప్పులోంచీ కూడా వస్తుంది. పైన ఈతకొలను డెక్కు ఉంటే తెల్లవారకముందే కుర్చీలు జరుపుతారు. కింద నాటకశాలో పాటల హాలో ఉంటే అర్ధరాత్రి దాకా డ్రమ్ము దెబ్బ మంచంలో తెలుస్తుంది. పైనా గదులే, కిందా గదులే ఉన్న డెక్కు చూడు. కింది డెక్కులో మరీ ముందుకు పోతే రేవు చేరే వేళ బో థ్రస్టర్లు తిరుగుతాయి. ఓడని పక్కకి నెట్టే మోటార్లు అవి, ఆ ఉరుముకి ఎవరైనా లేస్తారు. మరీ వెనక్కి పోతే ప్రొపెల్లర్ వణుకు.

డెక్ ప్లానులో, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే పటంలో, ఎవరూ పట్టించుకోని చోటు ఇంకొకటుంది. గదుల మధ్యలో పేరేమీ రాయకుండా ఖాళీగా వదిలేసిన తెల్లటి గళ్లు కనబడతాయి. అవి నిజంగా ఖాళీ కావు. కొన్ని సిబ్బంది సామాను గదులు, రాత్రీ పగలూ తోపుడు బళ్లు తిరుగుతాయి. అదే తెల్ల గడి ఒక్కో డెక్కులోనూ సరిగ్గా ఒకే చోట, ఒకదాని మీద ఒకటిగా ఉందంటే అది చాలావరకు లిఫ్టు పోయే దారో, ఇంజన్ కేసింగో అయ్యుంటుంది. కేసింగ్ అంటే ఇంజన్ల పొగ గొట్టాలు అడుగు నుంచి చిమ్నీ దాకా పోయే దారి. దాని గోడని ఆనుకున్న గదిలో సన్నటి గుంయ్‌మనే మోత ఆగదు, కొన్ని ఓడల్లో వెచ్చదనం కూడా. ఆ గోడల అవతలే అన్నేళ్లు పనిచేశాను కనుక ఇది గట్టిగా చెబుతున్నా. పక్క గదిలోకి తలుపు ఉండే కనెక్టింగ్ గది ఆ రెండు గదులూ మీరే తీసుకుంటే తప్ప వద్దు. గోడంత మందం ఆ తలుపుకి ఉండదు.

మీ అమ్మ మోకాళ్ల మాట. లిఫ్టు దగ్గర గది తీసుకోవద్దని అందరూ అంటారు, మాటల సందడి ఉంటుందని. మీ అమ్మకి మాత్రం లిఫ్టుకి దగ్గరగానే కావాలి. ఈ ఓడల్లో నడవా ఒక కొస నుంచి మరో కొసకి చాలా దూరం. లిఫ్టుకి ఎదురుగా కాకుండా నాలుగైదు గదులు అవతల చూడు. మెట్లూ దగ్గర్లోనే ఉండాలి, ప్రమాద ఘంటిక మోగితే లిఫ్టు వాడనివ్వరు. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా మునిగినప్పుడు కొత్తగా ఎక్కినవాళ్లకి ప్రమాద వేళ ఎటు పోవాలో నేర్పే విన్యాసం ఇంకా చేయించనే లేదు. 2015 నుంచి అంతర్జాతీయ నియమం మారింది, ఓడ బయలుదేరే ముందో, బయలుదేరగానేనో చేయించి తీరాలి. గదిలో సామాను పెట్టగానే అమ్మని చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా మీ మస్టర్ స్టేషన్ దాకా, అంటే ప్రమాద వేళ మీరు చేరాల్సిన చోటు దాకా, ఒకసారి నడిపించు. గది ఆ డెక్కుకి ఒకటి రెండు అంతస్తుల్లో ఉంటే మంచిదని నేను అనేది అందుకే.

ఎడమా కుడా అని తల బద్దలు కొట్టుకోకు. విశాఖకి పోయేటప్పుడు ఒడ్డు ఎడమన, సూర్యోదయం కుడిన. తిరుగు దారిలో అవి తారుమారు. ఒడ్డు ఎలాగూ చాలాసేపు కనబడదు, దానికోసం రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

ఇక ముఖ్యమైనది. తగ్గింపు ధర అన్నప్పుడు అది ‘గ్యారంటీ’ గదేమో అడుగు. అంటే తరగతికే వాళ్ల పూచీ, చోటుకి కాదు. గది నంబరు తర్వాత వాళ్ల ఇష్టప్రకారం ఇస్తారు. మీ ఇద్దరికీ పిల్లలకీ అలా తీసుకుని డబ్బు మిగుల్చుకో, ఏ మూల ఇచ్చినా మీరు సర్దుకుపోతారు. అమ్మానాన్నల గదికి మాత్రం నంబరు రాసివ్వమను. మధ్య భాగం, గదులున్న డెక్కుల్లో కింది వాటిలో ఒకటి, అడ్డంలేని కిటికీ. ఆ డెక్ ప్లాను నాకు పంపు, పైదీ కిందదీ కూడా. మూడూ పక్కపక్కన పెట్టి చూసి రాత్రికల్లా చెబుతాను. రేపు సాయంత్రం దాకా గది పట్టి ఉంచమని ఏజెంటుకి చెప్పు.

మీ
మామయ్య