పావుగంట దూరమే కదా అనుకోకు

చిన్నా,

శనివారం స్నేహితులతో జలపాతానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. బండి దిగి పావుగంట నడిస్తే చాలట, ఎత్తు కూడా రెండు నిలువులేనట. వెళ్లు, వద్దనను. నా భయమంతా ఆ పావుగంట గురించే. కష్టపడి ఎక్కాల్సిన చోటికైతే మనిషి అన్నీ సర్దుకుని వెళ్తాడు. ఇలాంటి చోటికి చెప్పులేసుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని బయల్దేరతాడు. ఒకసారి నేనూ అలాగే వెళ్లాను.

ఆ రోజు అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి నీళ్లు. ఏటి మధ్యలో బండ మీద కూర్చున్నాం. కాసేపటికి ఎండుటాకులు, పుల్లలు గుంపులుగా కొట్టుకు రాసాగాయి. పట్టించుకోలేదు. తర్వాత నీళ్లు టీ రంగుకు తిరిగాయి. ఒడ్డెక్కేలోపు మోకాలి దాకా వచ్చేశాయి, నా చెప్పు ఒకటి ఏటిపాలైంది. వెనక్కి తిరిగి చూస్తే మేం కూర్చున్న బండ లేదు. మా నెత్తిన మాత్రం చుక్క వాన లేదు, ఎండ కాస్తోంది!

అందుకే వాన కబురు చూసేటప్పుడు ఆ ఒక్క చోటే కాదు, ఏరు వచ్చే ఎగువ కొండల వైపు కూడా చూడు. వెళ్లగానే నీటి అంచున ఒక రాయి పెట్టి, మధ్యమధ్యలో దానిమీద ఓ కన్నేసి ఉంచు. రాయి మునిగినా, నీళ్లు మసకబారినా, హోరు పెరిగినా సామాన్ల కోసం ఆగకుండా మెరక మీదికి ఎక్కెయ్. మోకాలి లోతేగా అనిపిస్తుంది కానీ, ఘనమీటరు నీళ్లంటే వెయ్యి కిలోలు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది.

జలపాతం కింద తెల్లగా నురగలు కక్కే చోట దిగొద్దు. ఈతొచ్చని అసలు దిగొద్దు. గాలి బుడగలు నిండిన నీళ్లు మనిషిని సరిగ్గా తేల్చవు. పైనుంచి పడే ధార కిందికి తొక్కుతుంది, పైకి తేలితే సుడి మళ్లీ ధార కిందికే లాగుతుంది. దిగువన నీళ్లు నెమ్మదించి, అడుగు కనిపించే చోట ఎంతసేపైనా ఆడుకోండి. పైనుంచి దూకడం మాత్రం వద్దు. పోయినేడాది లోతున్న మడుగులోకి ఈ ఏడాది వరద ఓ బండను దొర్లించి ఉండొచ్చు.

ధార వెనక గుహలాంటిది ఉంటే సెల్ఫీ కోసం దూరకు. కింది మెత్తరాయి అరిగిపోయి, పై గట్టిరాయి చూరులా వేలాడుతుంటుంది. అది ఎప్పుడు విరుగుతుందో దానికే తెలియదు.

చెప్పులు మానేసి, పట్టున్న బూట్లు వేసుకో. తడిసి నల్లగా మెరిసే రాయి మీద కాలు పెట్టావా, అంతే. అది పాచి.

ఎవరైనా కొట్టుకుపోతే వెనకాలే దూకకు, కర్రో తాడో అందించు. నువ్వే పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ప్రవాహం పోయే వైపు చాపు. ప్రవాహంలో నిలబడబోతే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది.

టెన్షన్ పెట్టేశానా? సరే, ఒక మంచి మాట. పొద్దున్నే చేరుకుని, ఎండ వీపున పడేలా తుంపర వైపు తిరిగి నిలబడు. నీ నీడ తల చుట్టూ 42 డిగ్రీల మేర ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. నడినెత్తి ఎండలో అక్కడే నిలబడితే కనపడదు.

ఎన్నింటికి తిరిగొస్తారో అమ్మకి చెప్పి వెళ్లు, అక్కడ సిగ్నల్ ఉంటుందో లేదో. నా పాత తాడు ఒకటి ఆమెకిచ్చి పంపుతున్నాను. బరువని ఇంట్లో వదిలెయ్యకు.

మీ పెదనాన్న