తోడు ఒకరిని పంపు

అమ్మా శ్రావణీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, అది ఆఫీసులో దొంగని పెట్టుకుంటోందట, నువ్వైనా చెప్పు" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. సగం భయం. మిగతా సగం ఏమిటంటే, మన రాణీగంజ్ తాళాల షాపులో ఇనప్పెట్టెలో దూరి తలుపు లాక్కోబోయి నా చేత దెబ్బలు తిన్న పిల్ల, ఇప్పుడు మాదాపూర్‌లో పద్నాలుగు మందికి జీతాలిస్తూ కంపెనీల కంప్యూటర్ల తాళాలు గట్టివో కావో పరీక్షిస్తోంది కదా అని. మీ నాన్న దగ్గర మాత్రం భయమే చూపించాను.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. పెట్టుకో. ఖైదీలు పనిచేసే చంచల్‌గూడ జైలు వాళ్ళ బంకులో పెట్రోలు కొట్టించుకునేవాణ్ణి, కంప్యూటర్లలో దొంగతనంగా చొరబడి జైలుకెళ్ళొచ్చిన ఆ పిల్లాడికి పని ఇవ్వొద్దని ఏ మొహంతో అంటాను?

మామూలు సంగతులు ముందు. తీర్పు కాపీ నువ్వే చదువు, అతను చెప్పిన కథతో ఊరుకోకు. కేసు పూర్తిగా ముగిసిందో లేదో లాయర్‌కి చూపించు. జీతం అందరితో సమానంగా ఇవ్వు, జైలు నుంచి వచ్చాడని తక్కువకి బేరమాడావో నేనే ఒప్పుకోను.

అమెరికా హ్యాకర్ మిట్నిక్ పేరు చెప్పి మీ నాన్న నోరు మూయించావట. 1995లో దొరికి, ఐదేళ్ళు జైల్లో ఉండి, బయటికొచ్చాక కంపెనీలకే సలహాదారు అయ్యాడు, నిజమే. అతని అసలు విద్య కంప్యూటర్ కన్నా ఫోన్‌లో మాట్లాడటంలో ఉందట, అవతలివాడి చేతే తాళం తీయించేవాడు. మరి ఇంకో హ్యాకర్ గొంజాలెజ్ సంగతి మీ నాన్నకి ఎందుకు చెప్పలేదు? (మనవడు చదివి వినిపించాడులే.) 2003లో పట్టుబడితే అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్ళు ఇన్ఫార్మర్‌గా పెట్టుకుని, ఏడాదికి 75,000 డాలర్లు ఇచ్చారు. ఒకపక్క వాళ్ళకి సాయం చేస్తూనే ఇంకోపక్క కోట్ల కార్డుల నంబర్లు కొట్టేశాడు. 2010లో ఇరవై ఏళ్ళ శిక్ష పడింది. ఇద్దరూ తెలివైనవాళ్ళే. ఎవడు నిలబడతాడో, ఎవడు మళ్ళీ మునుగుతాడో మొహం చూసి చెప్పడం నలభై ఏళ్ళు తాళాలు అమ్మిన నాకే చేతకాలేదు.

యాదగిరి నీకు తెలియడు. నువ్వు పుట్టకముందు మాట. తాళాలు పగలగొట్టిన కేసులో రెండేళ్ళు లోపలుండి, 1986లో మన షాపు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను పెట్టుకున్నది జాలితో కాదు. అప్పుడు జనరల్ బజార్ సేట్ల తిజోరీలు మొరాయిస్తే తలుపు కోయడం తప్ప మాకు వేరే దారి తెలియదు. వాడు కోసేవాడు కాదు. కొత్త తాళంచెవికి దీపం మసి పట్టించి, తాళంలో పెట్టి, కొంచెం తిప్పి బయటికి తీసేవాడు. మసి చెదిరిన చోట ఆకురాయితో రెండు గీతలు, మళ్ళీ మసి, మళ్ళీ లోపలికి. గంటో రెండు గంటలో అలా కూర్చుంటే పెట్టె దానంతటదే ఒప్పుకున్నట్టు తెరుచుకునేది. ఏ పెట్టె కొనొచ్చో, ఏది ఉత్త రేకో నాకు నేర్పింది వాడే. షాపు పేరు నిలబడింది వాడి వల్లే.

షాపులో ఒక పద్ధతి ఉండేది. పెట్టె తీయడానికి ఎప్పుడూ ఇద్దరు వెళ్ళాలి, యజమాని ఎదురుగా ఉండాలి, లోపలున్నవి రాసిన చీటీ మీద అందరూ సంతకాలు పెట్టాలి. మొదటి ఏడాది ఆ పద్ధతి తప్పలేదు. తర్వాత నాకు పెద్దరికం తన్నుకొచ్చింది. "నీ మీద నాకు నమ్మకం యాదగిరీ, నీకు కాపలా ఏంటి" అన్నాను. వాడేమీ మాట్లాడలేదు. సంతోషించాడనుకున్నాను.

1987లో లష్కర్ బోనాల ఆదివారం. కుర్రాళ్ళంతా ఉజ్జయినీ మహంకాళి గుడి దగ్గరే ఉన్నారు. ఒక సేటు మనిషిని పంపాడు, పెట్టె తెరుచుకోవడం లేదు, తెల్లారేసరికి సరుకు ఇవ్వాలని. యాదగిరిని ఒక్కణ్ణే పంపాను. వాడు గుమ్మంలో ఆగి, "ఎవలన్న వస్తున్నరా?" అని అడిగాడు. "పోరా, నువ్వు చాలు" అన్నాను. పెట్టె తెరుచుకున్నాక, ఘటం ఊరేగింపు వస్తోందని సేటు కాసేపు వీధిలోకి వెళ్ళాడట. చీటీ రాయలేదు. మర్నాడు రెండు జతల గాజులు తక్కువ.

స్టేషన్‌లో మొదటి ప్రశ్న, "తెరిచింది ఎవరు?" యాదగిరి పాత కేసు సంగతి నేను సేటుకి ఎప్పుడూ చెప్పలేదు. కానిస్టేబుల్ నోట విన్నాడు. అంతే, ఇంక రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. మూడు రోజులు లోపల పెట్టారు. వాడు తీయలేదని చెప్పడానికి నా దగ్గర ఏముంది? నా నమ్మకం ఎస్సైకి చూపించగలనా? నిజం చెప్పనా తల్లీ, రెండో రోజు రాత్రి నాకూ అనుమానం వచ్చింది. తీశాడేమో అనుకున్నాను.

రుజువు లేక వదిలేశారు. గాజులు దొరకలేదు. ఎవరు తీశారో నాకు ఈ రోజుకీ తెలియదు. యాదగిరి నడవలేక నడుస్తూ షాపుకొచ్చి, పనిముట్ల సంచి కౌంటర్ మీద పెట్టి, "ఒక్కణ్ణి తోడు పంపితే అయిపోయేది గద సేటూ" అన్నాడు. మళ్ళీ రాలేదు. చాలా ఏళ్ళకి మొజంజాహీ మార్కెట్ దగ్గర కనబడితే పిలిచాను. విన్నాడు, ఆగలేదు.

అందుకే, ఆ అబ్బాయిని గొప్పగా నమ్మి నడి సముద్రంలో ఒంటరిగా వదలకు. అతను ఒక్కడే తెరవగలిగే తలుపు ఒక్కటీ ఉండకూడదు, అతనికే కాదు, నీకూ ఉండకూడదు. ఇద్దరికీ ఒకటే రూలైతే అతనికి అవమానం అనిపించదు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ రాసిపెట్టే లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022లో కేంద్రం వాళ్ళ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఆర్డర్ వేసిందని నువ్వే విసుక్కున్నావు. అవి అతని తరఫు సాక్షులనుకో. అతను చెరపలేని చోట పెట్టు. క్లయింట్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా అతను ఒక్క బటన్ నొక్కకూడదు. ఆ కాగితం లేకపోతే మీ దగ్గర చేసే పనీ, జైలుకి తీసుకెళ్ళిన పనీ ఒకటే, ఐటీ చట్టం 66వ సెక్షన్‌లో మూడేళ్ళ దాకా జైలు ఉంది. ఇంకోటి, అతని గతం క్లయింట్లకి ముందే నువ్వే చెప్పు. ఇద్దరు ముగ్గురు పోతారు. పోనీ.

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగా నాకు తెలిసిన వింత ఒకటుంది. కోర్టులో శిక్ష పడినవాణ్ణి సెక్యూరిటీ ఏజెన్సీ గేటు దగ్గర గార్డుగా పెట్టకూడదని 2005 చట్టం. గేటు లోపల కంపెనీ గుట్టంతా చూసేవాడి గురించి అందులో ఒక్క ముక్క లేదు. అంటే ఆ రూలేదో నువ్వే రాసుకోవాలి. ఈ వారంలోనే రాయి, అతను చేరకముందే. తర్వాత రాస్తే అతని కోసమే రాసినట్టుంటుంది.

రాత్రి తొమ్మిది దాటాక ఇద్దరే ఆఫీసులో ఉండకండి. మళ్ళీ పాతకాలం పెదనాన్న అంటావు, అను.

వచ్చే ఆదివారం అతన్ని మా ఇంటికి భోజనానికి తీసుకురా. యాదగిరి సంచి అటక మీదే ఉంది, దింపిస్తాను. ఆ ఆకురాళ్ళు చూస్తే అతనికి నచ్చుతాయి. పెద్దమ్మ పర్సు ఎప్పుడూ డైనింగ్ టేబుల్ మీదే పడేస్తుంది. మీరొచ్చేలోపు బీరువాలో పెట్టించి తాళం వేస్తాను. చూసి మొహం మాడ్చుకోకు. మన ఇంట్లో ఏదైనా కనబడకపోతే ఎవరూ ఆ పిల్లాడి వైపు చూడకూడదు.

మీ పెదనాన్న,
పద్మారావు నగర్