ఆ బొండానికి ఇంగ్లీషు మాట

విజయనగరం

అమ్మా, ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎర్రపెన్ను పట్టుకుని పాత మాస్టారులా, రెండోసారి పెన్ను పక్కన పెట్టి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నువ్వూ నీ స్నేహితులూ కిడ్నీ రోగుల కోసం చేస్తున్న పని గట్టిది. దాని మీద కప్పిన మాటలే ఎరువు తెచ్చుకున్న బట్టల్లా వదులుగా ఉన్నాయి.

"మేం లోకల్ కమ్యూనిటీలోని అండర్‌ప్రివిలేజ్డ్ బెనిఫిషియరీలను ఎంపవర్ చేశాం." ఇదీ నీ మొదటి వాక్యం. ఇందులో మీరు పనిచేసిన సోంపేట ఎక్కడుంది? ఇంతకీ ఏం చేశారు? బియ్యం ఇచ్చారా, ఆస్పత్రికి తోడు వెళ్లారా, పెన్షన్ ఫారం నింపి పెట్టారా? ఈ మూడు పనులకూ ఇంగ్లీషులో మూడు మామూలు క్రియలున్నాయి. 'ఎంపవర్' అనగానే మూడూ మాయమైపోయాయి.

పైగా ఈ మాటల్లో కొన్ని మన దగ్గరికొచ్చి వేరే కాపురం పెట్టాయి. కమ్యూనిటీ అంటే ఇంగ్లీషువాడికి ఒక చోట కలిసి బతికేవాళ్లంతా. మన దగ్గర "మీదే కమ్యూనిటీ?" అన్నారంటే కులం అడుగుతున్నారని అర్థం. డొనేషన్ అంటే అక్కడ మనసుపడి ఇచ్చేది. ఇక్కడ కాలేజీ సీటు కోసం రసీదు లేకుండా కట్టేది. మా వీధిలో ఒకాయన "డొనేషన్ కట్టలేక అమ్మాయిని ఇంజనీరింగ్‌లో చేర్చలేదు" అన్నాడు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే లండన్లో ఉన్నవాడికి ఒక్క ముక్క అర్థం కాదు.

వాలంటీర్ సంగతి ఇంకా తమాషా. లాటిన్‌లో ఇష్టం, సంకల్పం అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. మొదట్లో, ఎవరూ బలవంతపెట్టకుండా తనంత తానే సైన్యంలో చేరినవాణ్ణి అలా పిలిచేవాళ్లు. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు 15 నుంచి ఆ మాటకు కొత్త అర్థం వచ్చింది: 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 గౌరవ వేతనం, ఒకటో తారీఖున గుమ్మంలో పెన్షన్. 2024లో ఆ ఏర్పాటు ఆగిపోయింది, అర్థం మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. అందుకని "వాలంటీర్లు వచ్చారు" అని రాసేముందు ఎవరు చదువుతారో చూసుకో. మీ ఊరివాళ్లయితే పెన్షన్ పుస్తకం తెచ్చుకుంటారు.

క్రియల దగ్గర కొంచెం ఓపిగ్గా ఉండు. 'డొనేట్' కాస్త ఇస్త్రీ బట్టలేసుకున్న మాట. రక్తానికి, కళ్లకు, సంస్థకిచ్చే డబ్బుకు సరిపోతుంది. పక్కింటావిడకు ఐదు వందలు ఇస్తే అది 'గేవ్' మాత్రమే. నువ్వు 'డొనేటెడ్ ద పేషెంట్స్ విత్ రైస్' అన్నావు. డొనేట్ తర్వాత ఇచ్చే వస్తువు రావాలి, ఆ తర్వాతే 'టు'. మందుల కోసం మీ బ్యాచ్ అంతా తలా వంద వేసుకున్నారే, దానికి 'చిప్ ఇన్' అనే చక్కటి మాట ఉంది. అమ్మవారి పండక్కి వీధిలో చందాలేసుకున్నట్టే. ఒళ్లు వంచి పనిలో దిగితే 'పిచ్ ఇన్'. మొదటిది ఎక్కువగా జేబుతో, రెండోది చేతుల్తో. ఇక 'లెండ్ ఎ హ్యాండ్' మనదే అనుకో, "ఓ చెయ్యి వెయ్యి బాబూ" అనడమే. 'బ్లడ్ డ్రైవ్' అని కనిపిస్తే బండి కోసం వెతక్కు. మనం క్యాంప్ అనేదాన్ని అమెరికావాళ్లు అలా అంటారు.

తెలుగు మాత్రం తక్కువ తిందా? పేపర్లలో రోజూ "ఆపన్నహస్తం అందించారు" అని వస్తుంది. ఆపన్నుడంటే ఆపదలో పడినవాడు. అంటే కష్టంలో ఉన్నవాడి చెయ్యే తెచ్చి అతనికి అందించారన్నమాట! నేనూ నా తొలి వ్యాసంలో రాశాను, మూడుసార్లు.

'చారిటీ' గురించి అడిగావు. దాని మూలం లాటిన్ 'కారిటాస్', ప్రేమ అని అర్థం. అయినా ఇప్పుడు ఇంగ్లీషులో "ఐ డోంట్ వాంట్ యువర్ చారిటీ" అంటే "నీ ముష్టి నాకక్కర్లేదు" అనే. సంస్థను చారిటీ అను, ఫర్వాలేదు. మనిషికి చేసినదాన్ని అనకు. ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వారం తర్వాత ఒక సంస్థవాళ్లతో కలిసి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాను. లారీలో బియ్యం, కొవ్వొత్తులు, టార్పాలిన్లు. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడున్నాయి, జీడితోటలు నేలమట్టం. నా పని ఇంగ్లీషు రిపోర్టు రాయడం. సంస్థవాళ్లు బ్యానర్ పట్టుకుని ఫొటో దిగితేనే టార్పాలిన్ చేతికిస్తున్నారు. నేను అడ్డం చెప్పలేదు, జాబితా రాసుకుంటూ నిలబడ్డాను. ఒక ముసలామె ఫొటో దిగింది, టార్పాలిన్ మడిచి చంకన పెట్టుకుంది, తిన్నగా నా దగ్గరికొచ్చింది. "అన్నాలు తిన్నారేటి బాబూ? ఎండనపడొచ్చినారు" అంది. పడిపోయిన చెట్టు గెలలోంచి బొండం కోయించి నా చేతిలో పెట్టింది. తాగాను. ఆ రాత్రి రిపోర్టులో ఆమె పక్కన 'బెనిఫిషియరీ' అని టైపు చేశాను. బొండం ఎక్కడా రాయలేదు. రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

నీ వ్యాసంలో ఆ బొండం లాంటిది ఒకటుంది, నువ్వు గమనించినట్టు లేదు. రెండో పేజీలో అరవాక్యంలో ఒక ఆటో అతను వస్తాడు. డయాలసిస్‌కి పలాస వెళ్లే ముగ్గురిని వారానికి రెండుసార్లు తీసుకెళ్లి, నాలుగు గంటలు బయటే ఆగి, తిరుగు చార్జీ తీసుకోకుండా దింపుతాడని రాశావు. అతనికి 'సోషల్ సర్వీస్' అని పేరు పెట్టి వెంటనే మీ గ్రూపు లక్ష్యాల్లోకి వెళ్లిపోయావు. ఆ లక్ష్యాలు రెండు పేరాలు! కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. "కలుషిత నీటి వల్లే ఈ జబ్బు" అన్న వాక్యం కూడా కొట్టేశాను. కారణం ఇదేనని ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఈసారి వెళ్లినప్పుడు ఆ ఆటోలో కూర్చో. ఆ నాలుగు గంటలూ అతను ఏం చేస్తాడో చూడు. డీజిల్‌కి ఎంతవుతుందో, ఇంట్లో ఏమంటున్నారో అడుగు. తను చేసేదాన్ని అతను ఏ మాటతో చెబుతాడో తెలుగులోనే రాసుకో, యాస దిద్దకుండా. ఇంగ్లీషు సంగతి తర్వాత ఇద్దరం కూర్చుని చూద్దాం. ఫోన్ చెయ్యకు, రాసి పంపు.

ఇట్లు,
మీ మాస్టారు